కారు కొన్నాయన కూతురి పేరు

మెర్సిడెస్ అనేది ఒక చిన్నమ్మాయి పేరని మీలో చాలామంది ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. వాట్సాప్‌లో తిరిగే కథ మాత్రం కంపెనీ ఓనర్ తన ముద్దుల కూతురి పేరు కారుకు పెట్టుకున్నాడు అన్న దగ్గరే ఆగిపోతుంది. అది నిజం కాదు. ఆ అమ్మాయి తండ్రి ఎమిల్ యెల్లినెక్ ఆ కంపెనీని పెట్టినవాడూ కాదు, అందులో ఇంజనీరూ కాదు, అసలు ఉండేది జర్మనీలోనే కాదు. ఆయన కస్టమర్. డబ్బు కట్టి కారు కొని, ఇది చాలదని గొడవపెట్టి, ఇంకా బాగా చెయ్యండని వెంటపడి, చివరికి తాను అడిగినట్టు చేస్తే పదుల సంఖ్యలో కొంటానని ఒప్పందం రాయించుకునేదాకా వదలని కస్టమర్.

ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ గొడవే. పేరు గురించి చెప్పేవాళ్ళు ఆ పేరు పెట్టిన కారు గురించి ఒక్క మాట కూడా చెప్పరు. ఆ కారు అంత బాగా రాకపోయి ఉంటే ఆ పేరు ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు. నేనిలా అనడానికి గట్టి ఆధారమే ఉంది, దాని దగ్గరకు కాసేపట్లో వస్తాను.

యెల్లినెక్ 1853లో లైప్‌జిగ్‌లో పుట్టాడు. తండ్రి అడాల్ఫ్ యెల్లినెక్ వియన్నాలో పేరుమోసిన యూదు మతాచార్యుడు, పండితుడు. కొడుక్కి చదువు అబ్బలేదు. ఇంట్లోవాళ్ళు రైల్వేలో ఒక చిన్న ఉద్యోగం చూసిపెడితే రాత్రిపూట రైళ్ళతో పందేలు పెట్టించి ఆ ఉద్యోగం ఊడగొట్టుకున్నాడు. తర్వాత మొరాకో వెళ్ళి దౌత్య కార్యాలయంలో పనిచేశాడు, ఉత్తర ఆఫ్రికాలో వ్యాపారం చేశాడు, ఇన్సూరెన్స్‌లోకి దిగాడు, షేర్లలో సంపాదించాడు. చివరికి ఫ్రాన్స్ దక్షిణ తీరంలో నీస్ పట్నంలో పెద్ద ఇల్లు కట్టుకునేంతవాడయ్యాడు. 1889 సెప్టెంబరులో పుట్టిన కూతురికి మెర్సిడెస్ అని స్పానిష్ పేరు పెట్టాడు. ఆ పిల్లకు నాలుగేళ్ళు నిండకముందే తల్లి పోయింది. ఆ పేరు తనకు కలిసొస్తుందని తండ్రికి గట్టి నమ్మకం, అందుకే నీస్‌లో తన భవంతికి కూడా అదే పేరు పెట్టుకున్నాడు. మన దగ్గర లారీల ముందు, కిరాణా కొట్ల బోర్డుల మీద పిల్లల పేర్లు రాయించుకునే తండ్రులు లేరా, అలాంటి మనిషే. కాకపోతే ఆయన చేతిలో డబ్బు ఎక్కువ, చుట్టూ ఉన్నవాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో యూరప్ కోటీశ్వరులందరూ చలికాలం వస్తే నీస్‌కే చేరేవాళ్ళు.

1897లో యెల్లినెక్ స్టుట్‌గార్ట్ పక్కనున్న కాన్‌స్టాట్ వెళ్ళి, గాట్‌లీబ్ డైమ్లర్ కంపెనీలో ఒక కారు ఆర్డర్ చేశాడు. రెండు సిలిండర్ల ఇంజన్, 6 హార్స్‌పవర్, గంటకు 24 కిలోమీటర్ల వేగం. ఆయనకు అది చాలలేదు. 40 వెళ్ళాలి అన్నాడు, ఇంకో రెండు కార్లు కావాలన్నాడు. 1898 సెప్టెంబరులో ముందువైపు నాలుగు సిలిండర్ల ఇంజనున్న రెండు 'ఫీనిక్స్' కార్లు వచ్చాయి, ఆ ఇంజన్ 8 హార్స్‌పవర్‌ది. రోడ్డు మీద నడిచిన తొలి నాలుగు సిలిండర్ల బళ్ళు అవే. ఆ తర్వాత ఆయన వాటిని తన చుట్టూ ఉన్న ధనవంతులకు అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్ళలో రోత్‌షైల్డ్ కుటుంబం వాళ్ళు కూడా ఉన్నారు. 1899లో ఆయనకు కంపెనీ 10 కార్లు పంపితే 1900లో 29 పంపింది. కార్లు అమ్మాలంటే ముందు పందెంలో గెలిచి చూపించాలని ఆయనకు బాగా తెలుసు. అందుకే 1899లో నీస్ పందేల్లో తన కార్లను 'మిస్యూ మెర్సిడెస్' అన్న మారుపేరుతో దించాడు. అంటే ఆ పేరు మొదట మోటారు ప్రపంచంలోకి వచ్చింది కారు పేరుగా కాదు, పందెంగాడి పేరుగా.

1900 మార్చి ఆయనకూ కంపెనీకీ కష్టకాలం. మార్చి 6న గాట్‌లీబ్ డైమ్లర్ చనిపోయాడు. అదే నెల 30న నీస్ నుంచి లా టుర్బీ కొండ ఎక్కే పందెంలో డైమ్లర్ కంపెనీ మనిషి విల్‌హెల్మ్ బవర్ ఫీనిక్స్ రేసు కారు నడుపుతూ మలుపులో కొండరాయికి ఢీకొని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ బండి ఎత్తుగా, పొట్టిగా ఉండేది, బరువంతా పైనే ఉండేది. అప్పటి కార్లన్నీ దాదాపు అలాంటివే. గుర్రబ్బండిలోంచి గుర్రాన్ని తీసేసి ఇంజన్ పెట్టారంతే, మిగతా ఆకారం మారలేదు. గంటకు 20 కిలోమీటర్లు వెళ్ళినన్నాళ్ళు దాంతో నష్టం లేదు. ఇంజన్ బలం పెరిగి కొండ మలుపుల్లో పరిగెత్తాల్సి వచ్చినప్పుడే మనుషులు పోవడం మొదలైంది.

కంపెనీలో కొందరు ఇక పందేలొద్దు అనుకున్నారు. యెల్లినెక్ వాదన వేరు. పందెం మానేస్తే వ్యాపారం మూసుకున్నట్టే, బండి రూపమే మార్చండి అన్నాడు. పొడుగ్గా ఉండాలి, వెడల్పుగా ఉండాలి, నేలకు దగ్గరగా ఉండాలి, ఇంజన్ తేలిగ్గా ఉండాలి కానీ బలం ఎక్కువుండాలి. ఏప్రిల్ మొదట్లో ఒప్పందం కుదిరింది. కొత్త ఇంజన్ పేరు 'డైమ్లర్-మెర్సిడెస్' అని అందులోనే రాసుకున్నారు. ఇంకో రెండు వారాలకు ఆయన 36 కార్లు ఆర్డర్ చేశాడు, మొత్తం ధర 5,50,000 జర్మన్ మార్కులు. ఒక మనిషి, ఇంకా పుట్టని కారు కోసం, అంత డబ్బు పెట్టడానికి సిద్ధపడ్డాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కూతురి పేరు పెట్టమనడంలో ప్రేమ, నమ్మకం ఉన్నమాట నిజమే గానీ, వ్యాపార లెక్క కూడా ఉంది. ఫ్రాన్స్‌లో డైమ్లర్ పేరు మీద హక్కులు పాన్‌హార్డ్ ఎ లెవాసోర్ కంపెనీ దగ్గర ఉన్నాయి. పైగా జర్మనీ చేతిలో 1871లో ఓడిపోయిన ఫ్రెంచివాళ్ళ ముందు జర్మన్ పేరు పెట్టి కారు అమ్మడం కష్టం. మెర్సిడెస్ అంటే ఏ దేశంవాళ్ళకీ అభ్యంతరం ఉండదు, పలకడానికి బాగుంటుంది.

ఇప్పుడు ఆ బండిని గీసిన అసలు మనిషి. విల్‌హెల్మ్ మేబాక్. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే రాయిట్‌లింగెన్ ఊళ్ళో ఒక క్రైస్తవ అనాథాశ్రమంలో పెరిగాడు. అక్కడి వర్క్‌షాపులో పనిచేస్తుండగా డైమ్లర్ కంట్లో పడ్డాడు. అప్పటినుంచి డైమ్లర్ ఎక్కడుంటే మేబాక్ అక్కడే. 1882లో ఇద్దరూ కాన్‌స్టాట్ వచ్చి డైమ్లర్ ఇంటి తోటలోని అద్దాల గదిని పెంచి వర్క్‌షాపు చేసుకున్నారు. తలుపులు వేసుకుని రాత్రింబవళ్ళు లోపల ఏం చేస్తున్నారో ఎవరికీ చెప్పకపోయేసరికి తోటమాలికి అనుమానం వచ్చింది, దొంగ నాణేలు ముద్రిస్తున్నారని పోలీసులకు చెప్పాడు. పోలీసులు వీళ్ళు లేని సమయంలో వచ్చి చూస్తే పనిముట్లు, ఇంజన్ ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు.

అదే మేబాక్ 1900లో కొన్ని నెలల్లో యెల్లినెక్ అడిగిన బండిని గీసి చేయించాడు. 35 హార్స్‌పవర్, 5.9 లీటర్ల ఇంజన్, నాలుగు సిలిండర్లు, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్లు రెండు. ఛాసిస్, అంటే బండి కింది చట్రం, కర్రతో కాకుండా నొక్కిన ఉక్కు రేకుతో చేశాడు. ఇంజన్ని కింద, ఛాసిస్‌కే బిగించాడు, దాంతో బరువంతా నేలకు దగ్గరైంది. రెండు ఇరుసుల మధ్య దూరం పెంచాడు.

రేడియేటర్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇవాళ్టికీ ప్రతి పెట్రోలు, డీజిలు కారు ముందు భాగంలో మేబాక్ చేసిన పని మిగిలి ఉంది. ఇంజన్ బలం పెంచుతూ పోతే వేడి పెరుగుతుంది. అప్పటి కార్లు ఆ వేడిని చల్లార్చడానికి బోలెడు నీళ్ళు మోసేవి, నీళ్ళు మరిగి ఆవిరైపోతుంటే దారిలో ఆగి పోసుకోవాల్సి వచ్చేది. మేబాక్ ఏం చేశాడంటే, ఒక్కోటి 6 మిల్లీమీటర్ల వెడల్పున్న చదరపు గొట్టాలు 8,070 తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మధ్యలో సన్నటి సందు ఉంచి టంకం వేశాడు. గొట్టాల్లోంచి గాలి పోతుంది, సందుల్లోంచి నీళ్ళు పోతాయి. ముందునుంచి చూస్తే తేనెపట్టులా కనిపిస్తుంది, పేరు కూడా అదే పెట్టారు. నీళ్ళ అవసరం సగానికి, అంటే దాదాపు 9 లీటర్లకు తగ్గింది. 8,070 గొట్టాలను చేత్తో టంకం వేస్తూ ఒక్క చోట కూడా నీరు కారకుండా చూడటం ఎంత ఓపిక ఉంటే సాధ్యమో ఆలోచించండి. ఆ పనివాళ్ళ పేర్లు ఏ కథలోనూ రావు.

మొదటి కారు 1900 డిసెంబరు 22న యెల్లినెక్‌కు పంపారు. 1901 మార్చి చివర్లో నీస్ వారోత్సవాలు. నీస్ నుంచి సలోన్ దాకా వెళ్ళి తిరిగొచ్చే 392 కిలోమీటర్ల పందెంలో విల్‌హెల్మ్ వెర్నర్ సగటున 58 కిలోమీటర్ల వేగంతో గెలిచాడు. లా టుర్బీ కొండ, ఏడాది కిందట బవర్ చనిపోయిన కొండే, అక్కడ పాత రికార్డు సగటున గంటకు 31.3 కిలోమీటర్లు. మెర్సిడెస్ 51.4తో ఎక్కింది. ఒక్క ఏడాదిలో ఇంత తేడా! ఫ్రాన్స్ ఆటోమొబైల్ క్లబ్ ప్రధాన కార్యదర్శి పాల్ మెయాన్ "మనం మెర్సిడెస్ యుగంలోకి అడుగుపెట్టాం" అని రాశాడు. ఒక ఫ్రెంచివాడు, జర్మన్ కారు గురించి, 1901లో. ఆ తర్వాత కార్లు చేసే ప్రతివాడూ ఆ ఆకారం వైపే మళ్ళాడు. ముందు రేడియేటర్, దాని వెనక బానెట్ కింద ఇంజన్, తర్వాత గేర్‌బాక్స్, వెనక చక్రాలు నడిచే ఏర్పాటు. మనం కారు అంటే ఊహించుకునే బొమ్మ అక్కడ కుదురుకుంది.

1902 సెప్టెంబరులో మెర్సిడెస్ పేరుకు చట్టప్రకారం ట్రేడ్‌మార్క్ వచ్చింది. 1903లో యెల్లినెక్ ఇంకో అడుగు వేసి తన ఇంటిపేరునే యెల్లినెక్-మెర్సిడెస్ అని మార్పించుకున్నాడు. తండ్రి కూతురి పేరు పెట్టుకోవడం బహుశా ఇదే మొదటిసారి అని గర్వంగా చెప్పుకున్నాడు.

ఇందాక చెప్తానన్న ఆధారం ఇదిగో. యెల్లినెక్‌కు మాయా అని ఇంకో కూతురు ఉంది. కొన్నేళ్ళ తర్వాత ఆస్ట్రియాలోని డైమ్లర్ కంపెనీ, ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పనలో, ఆ అమ్మాయి పేరుతో 'మాయా' అనే కారు తెచ్చింది. అదే తండ్రి, అదే పలుకుబడి, మెర్సిడెస్ కంటే పలకడానికి ఇంకా తేలికైన పేరు, పైగా పోర్షే అంతటి ఇంజనీరు. కారు అమ్ముడుపోలేదు. ఇవాళ మాయా కారంటే ఎవరికి తెలుసు? బ్రాండింగ్ క్లాసుల్లో మెర్సిడెస్ పేరు మహిమ అని పాఠాలు చెప్పేవాళ్ళు మాయా కథ కూడా పక్కన పెట్టి చెప్తే బాగుంటుంది. పేరుకు విలువ తెచ్చింది మేబాక్ రేడియేటరూ, నేలకు దగ్గరైన ఆ ఛాసిస్సూ, లా టుర్బీ కొండ మీద ఆ 51.4 కిలోమీటర్లూ.

ఇక పేరుగల అమ్మాయి. మెర్సిడెస్ యెల్లినెక్ 1909లో నీస్‌లో ఒక ఆస్ట్రియా బారన్‌ను పెళ్ళి చేసుకుంది, వియన్నాలో కాపురం, ఇద్దరు పిల్లలు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ కుటుంబాన్ని తుడిచిపెట్టేసింది. యెల్లినెక్ ఆస్ట్రియా పౌరుడు, ఆస్తులన్నీ ఫ్రాన్స్‌లో, రెండు దేశాలూ శత్రువులయ్యాయి. ఆయన మీద గూఢచారి అనే ముద్ర పడింది, ఫ్రాన్స్ ఆస్తులు స్వాధీనం చేసుకుంది. 1918 జనవరిలో జెనీవాలో పోయాడు. వియన్నాలో కూతురి ఇల్లు కూడా యుద్ధంతో దివాలా తీసింది, తిండి కోసం ఆమె ఇంటింటికీ వెళ్ళి అడుక్కోవాల్సి వచ్చిందని ఆమె జీవితం గురించి రాసినవాళ్ళంతా చెప్తారు. తర్వాత భర్తనూ పిల్లలనూ వదిలి ఒక శిల్పిని పెళ్ళాడింది, ఆయన కొద్దికాలానికే క్షయతో పోయాడు. 1929 ఫిబ్రవరిలో, 39 ఏళ్ళకు, ఎముకల కాన్సర్‌తో ఆమె కూడా పోయింది. ఆ పేరు మీద వచ్చిన డబ్బులో ఒక్క మార్కు ఆమెను ఆదుకోలేదు. ఆమెకు కార్ల మీద ఇష్టమేమీ లేదని, సంగీతం ఇష్టమని చెప్తారు. షోరూముల్లో, మ్యూజియంలో పెద్ద టోపీ పెట్టుకున్న పిల్ల ఫొటో చూపిస్తారు గానీ ఈ రెండో సగం చెప్పరు, అది నాకు బాధగానే ఉంటుంది.

మరి బెంజ్? మన తెలుగువాళ్ళకు ఇదే ముఖ్యం, ఎందుకంటే మనం మెర్సిడెస్ అనము, 'బెంజి కారు' అంటాం. కార్ల్ బెంజ్ డైమ్లర్‌తో ఎప్పుడూ కలిసి పనిచేసినవాడు కాదు. మాన్‌హైమ్‌లో ఆయన కంపెనీ వేరు, పోటీ కంపెనీ. 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టింది ఆయనే, దాన్నే కారు పుట్టినరోజు అంటారు. 1899లో 572 బళ్ళు చేసి ప్రపంచంలో అతిపెద్ద కార్ల కంపెనీ అయింది. 1900లో 603 అమ్మింది. 1901లో మెర్సిడెస్ వచ్చింది. ఆ ఏడాది బెంజ్ అమ్మకాలు 385కి పడిపోయాయి. బెంజ్‌కు వేగం మీద మోజు లేదు, బండి నమ్మకంగా నడవాలి అనేవాడు, కానీ కొనేవాళ్ళ చూపు మారిపోయింది. కంపెనీలో గొడవలు వచ్చి 1903లో ఆయన రోజువారీ పని నుంచి తప్పుకున్నాడు. ఇవాళ మెర్సిడెస్-బెంజ్ అని ఒక్క ఊపిరిలో అనేస్తాం గానీ, మధ్యలో ఉన్న ఆ చిన్న గీతకు అటు పేరు ఇటు పేరును దాదాపు ముంచేసింది!

కార్ల్ బెంజ్ పేరు నిలబడటానికి ఆయన భార్య బెర్తా చేసింది మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పెళ్ళి కాకముందే, పుట్టింటివాళ్ళు ఇవ్వాల్సిన కట్నం డబ్బు ముందుగా తెప్పించి, కార్ల్ వర్క్‌షాపులో భాగస్వామిని వదిలించుకోవడానికి ఇచ్చింది. అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయ్యాక ఆమెకు ఆ డబ్బు మీద అధికారం ఉండదు. బండి తయారైంది, పేటెంటు వచ్చింది, కొనేవాడు లేడు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున భర్తకు చెప్పకుండా, కొడుకులు ఆయిగెన్, రిచర్డ్‌లను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి 100 కిలోమీటర్ల పైన ఉన్న ఫోర్‌ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. అంత దూరం అంతకుముందు ఎవరూ మోటారు బండి నడపలేదు. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ ఊళ్ళో మందుల షాపుకు వెళ్ళి, బట్టల మీద మరకలు పోవడానికి అమ్మే లిగ్రోయిన్ సీసాలు కొంది. ఇంధనం పైపు మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ బయటపడితే మేజోళ్ళ పట్టీ చుట్టింది. గొలుసు తెగితే కమ్మరి దగ్గర ఆగింది. దిగుడు రోడ్లలో చెక్క బ్రేకులు అరిగిపోతుంటే చెప్పులు కుట్టేవాడితో వాటికి తోలు వేయించింది. అంటే మొదటి బ్రేక్ లైనింగ్ ఆమె ఆలోచనే. ఎత్తు రోడ్ల మీద బండి ఎక్కడంలేదని పిల్లలు దిగి తోయాల్సి వచ్చింది, తిరిగొచ్చాక ఇంకో గేరు పెట్టమని భర్తకు చెప్పింది, ఆయన పెట్టాడు. ఇంతకంటే గొప్ప టెస్ట్ డ్రైవ్ రిపోర్టు నేనెక్కడా చదవలేదు. 1944లో, 95 ఏళ్ళకు చనిపోయింది.

నక్షత్రం కథ చిన్నదే. డైమ్లర్ 1870లలో కొలోన్ పక్కన డోయిట్జ్‌లో ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు ఊరి బొమ్మ ఉన్న ఒక కార్డు మీద తన ఇంటి దగ్గర నక్షత్రం గుర్తు పెట్టి భార్యకు పంపాడు. ఆయన పోయాక కొడుకులు పాల్, అడాల్ఫ్ అది గుర్తు తెచ్చుకుని చెప్పారు, 1909లో మూడు కోణాల నక్షత్రం రిజిస్టర్ అయింది. నేల, నీరు, గాలి మూడింటికీ డైమ్లర్ ఇంజన్లు అని దానికి అర్థం చెప్తారు. అదే ఏడాది బెంజ్ కంపెనీ తన పేరు చుట్టూ ఆకుల దండ పెట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు విలువ పడిపోయి, కార్లు కొనేవాడు లేక రెండు కంపెనీలూ ఒంటరిగా బతకలేని స్థితికి వచ్చాయి. 1924లో సర్దుబాటు ఒప్పందం, 1926 జూన్‌లో పూర్తి విలీనం, డైమ్లర్-బెంజ్. కార్లకు మెర్సిడెస్-బెంజ్ అని పేరు, నక్షత్రం చుట్టూ దండ. కార్ల్ బెంజ్ ఆ విలీనాన్ని కళ్ళారా చూశాడు. ఆయన కూడా 1929లోనే పోయాడు, మెర్సిడెస్ పోయిన రెండు నెలల లోపే.

వారసత్వం అనే మాట ప్రకటనల్లో బాగా వాడతారు కాబట్టి ఇది కూడా చెప్పాల్సిందే. 1930లలో హిట్లర్ ఊరేగింపుల్లో నిలబడి చెయ్యెత్తింది మెర్సిడెస్ కార్లలోనే. ఒక యూదు మతాచార్యుడి మనవరాలి పేరున్న కార్లవి. యుద్ధంలో ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లో బలవంతపు కూలీలను పెట్టి పని చేయించారు. 1944లో మొత్తం 63,610 మంది పనివాళ్ళలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన పౌరులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల వాళ్ళు. ఈ లెక్క కంపెనీయే ఒప్పుకుని తన చరిత్రలో రాసుకుంది. నక్షత్రాన్ని మెచ్చుకునేవాళ్ళం ఇది కూడా తెలుసుకోవాలి, ఏదో పాత సంగతిలే అని దాటేయడం నాకు నచ్చదు.

మనకు బెంజ్ పేరు ముందుగా తెలిసింది కార్లతో కాదు, లారీలతో. 1954లో టాటావాళ్ళ టెల్కో, డైమ్లర్-బెంజ్ కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు, 1969 దాకా ఆ ఒప్పందం నడిచింది. ముందు నక్షత్రం గుర్తున్న ఆ లారీలనే మన పెద్దవాళ్ళు 'టాటా బెంజి' అనేవాళ్ళు. వయసైన లారీ మెకానిక్‌ల దగ్గర కూర్చుంటే ఆ ఇంజన్ గురించి ఇప్పటికీ గౌరవంగా మాట్లాడతారు. విజయవాడలో రెండు జాతీయ రహదారులు కలిసే చోటుకు బెంజ్ సర్కిల్ అని పేరుంది, రోజూ వేలమంది ఆ పేరు చెప్పి ఆటో ఎక్కుతారు. మాన్‌హైమ్ మెకానిక్ ఇంటిపేరు విజయవాడ జనం నోట్లో అంతలా నలిగింది. కార్లయితే 1995లో పుణెలో బిగించడం మొదలయ్యాకే ఇక్కడ షోరూములోకి వెళ్ళి కొనే వస్తువయ్యాయి.

పేర్ల ప్రయాణం ఇంకా ఆగలేదు. 2021 డిసెంబరులో లారీల వ్యాపారం విడిపోయి డైమ్లర్ ట్రక్ అయింది, 2022 ఫిబ్రవరిలో మిగతా కంపెనీ పేరు మెర్సిడెస్-బెంజ్ గ్రూప్‌గా మారింది. అంటే స్థాపించినాయన పేరు లారీలకు వెళ్ళింది, కస్టమర్ కూతురి పేరు కంపెనీ పేరయింది. చెన్నై దగ్గర ఒరగడంలో 2012 నుంచి చేస్తున్న భారత్‌బెంజ్ లారీలు మన హైవేల మీద రోజూ కనిపిస్తాయి, అవి ఆ డైమ్లర్ వాళ్ళవే. మేబాక్ మాత్రం 1907లో కంపెనీ వదిలి వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత కొడుకు కార్ల్‌తో ఇంజన్ల కంపెనీ పెట్టించాడు, అది జెప్పెలిన్ అనే గాలి ఓడలకు ఇంజన్లు, 1921 నుంచి సొంత కార్లు చేసింది. ఆ కంపెనీని 1960లో డైమ్లర్-బెంజే కొనేసింది, ఇప్పుడు అన్నిటికంటే ఖరీదైన మోడళ్ళకు మెర్సిడెస్-మేబాక్ అని పెట్టి అమ్ముతున్నారు. సినిమావాళ్ళు కొన్నారని వార్తలొచ్చేది వాటి గురించే. అనాథాశ్రమంలో పెరిగిన మనిషి పేరది అని ఆ వార్తల్లో ఒక్క ముక్క రాస్తే సంతోషిస్తాను.

జర్మనీలో ఉన్న మనవాళ్ళు, చదువుకో ఉద్యోగానికో వెళ్ళినవాళ్ళు, స్టుట్‌గార్ట్ మ్యూజియం చూసి ఫొటోలు పెడుతుంటారు. మంచిదే, 1902 నాటి మెర్సిడెస్ సింప్లెక్స్ కూడా అక్కడే ఉంది, ముందుకెళ్ళి ఆ తేనెపట్టు రేడియేటర్‌ను దగ్గరగా చూడండి. కానీ అక్కడినుంచి కాన్‌స్టాట్ దగ్గరే, పార్కులో డైమ్లర్, మేబాక్ పనిచేసిన ఆ తోట వర్క్‌షాపును అలాగే ఉంచారు, చాలామంది అటు వెళ్ళరు. ఇంకో రోజు ఖాళీ ఉంటే మాన్‌హైమ్ నుంచి బెర్తా వెళ్ళిన దారంతా ఇప్పుడు బోర్డులు పెట్టి గుర్తించారు, వీస్‌లోఖ్‌లో ఆ మందుల షాపు ముందు ఆగి, అక్కడినుంచి ఫోర్‌ట్స్‌హైమ్ దాకా వెళ్ళి రండి.